డాక్ డోర్ స్ప్రింగు విరిగింది: వెల్డింగా, కొత్తదా?

పరవాడ_స్టోర్స్

అందరికీ నమస్కారం. మాది పరవాడ వైపు గోడౌను. మూడు డాక్ డోర్లున్నాయి, అంటే లారీ ఆనించి సరుకు ఎక్కించే, దించే తలుపులు. పలకలు పలకలుగా పైకి వెళ్లి సీలింగు కింద పడుకునే రకం, మోటారువి. నిన్న రాత్రి షిఫ్టులో మధ్య డోరు పైన ఢామ్మని పేలింది. సెక్యూరిటీ వాళ్లు ఏ సిలిండరో పేలిందనుకుని బయటికి పరిగెత్తారు. తీరా చూస్తే, పైన అడ్డంగా ఉండే షాఫ్టు మీద రెండు స్ప్రింగుల్లో ఒకటి మధ్యలో తెగింది. రెండు ముక్కల మధ్య మూడు వేళ్లు పట్టేంత సందు. డోరు మూసే ఉంది. బటన్ నొక్కితే మోటారు మూలిగి, జానెడు లేపి, ట్రిప్ అవుతోంది.

ఓనరు గారేమో "సాయంత్రానికల్లా వెల్డింగ్ పెట్టించెయ్, లారీలు ఆగిపోతున్నాయి" అంటున్నారు. ఫోర్క్‌లిఫ్టుతో డోరు లేపి కింద దుంగ పెడదామని మా లోడింగ్ మేస్త్రి. ఫోన్లో దొరికిన మెకానిక్ ఒకాయన ఒక్క స్ప్రింగు మారిస్తే చాలన్నాడు, ఇంకొకాయన రెండూ మార్చాల్సిందే అన్నాడు. ఇద్దరి రేట్లకీ సగానికి సగం తేడా. ఎవరి మాట వినాలి?

షట్టర్_బాబాయ్ (ఆటోనగర్)

తమ్ముడూ, ముందు మోటారు మెయిన్ ఆపెయ్. ఇక బటన్ జోలికి ఎవరూ పోకూడదు. ఆ మోటారు బరువు మోసేది కాదు, తూకం కుదిరిన తలుపును కదిపేది మాత్రమే. బరువంతా స్ప్రింగులదే. ఒకటి పోయాక మోటారుతో లాగిస్తే గేరు పళ్లు పోతాయి, అప్పుడు ఖర్చు రెండింతలు.

ఇంకో మాట. విరిగింది చచ్చిన పాము, దానితో భయం లేదు. పక్కన విరగకుండా ఉన్నదే, దానిలో టెన్షన్ నిండుగా ఉంది. దాని చివర కోనుకి (స్ప్రింగు కొసని షాఫ్టుకి పట్టి ఉంచే పోత ముక్క) చిన్న స్క్రూలు కనిపిస్తాయి చూడు, వాటి మీద స్పానర్ పెట్టనివ్వకు. మీ ప్లాంటు ఫిట్టర్ ఎంత ఘనుడైనా సరే.

మూసి ఉన్నప్పుడు విరగడం మీ అదృష్టమూ కాదు, వింతా కాదు. తలుపు కింద ఉన్నప్పుడే స్ప్రింగు మీద లాగుడు ఎక్కువ, అందుకే చాలావరకు అలాగే విరుగుతాయి.

ఫొటోలు పెట్టు: రెండు స్ప్రింగులూ, రెండు చివర్ల డ్రమ్ములూ (తలుపుని లాగే కేబుళ్లు చుట్టుకునే చక్రాలు), డోరు మొత్తం ఒకటి, కింది పలక దగ్గరగా ఒకటి.

ఎన్ఏడీ_వెల్డింగ్

ఆర్గాన్ వెల్డింగ్ చేస్తే నిలుస్తుంది గురూ. లారీ కమాన్ పట్టీలకే చేశాం, తిరుగుతున్నాయి. వెయ్యి రూపాయల పనికి ఇంత హడావుడి దేనికి?

ఏయూ_మెకానికల్

వెల్డింగ్ వద్దే వద్దు. స్ప్రింగు తీగ మామూలు ఇనుము కాదు. కార్బన్ ఎక్కువున్న ఉక్కును చల్లగానే అచ్చుల్లోంచి లాగి లాగి గట్టిపరుస్తారు, లేదా కాల్చి నూనెలో ముంచి పదును పెడతారు. ఆ పదునే దాని బలం. వెల్డింగ్ వేడికి అతుకు పక్కన ఒకచోట పదును పోయి మెత్తబడుతుంది, ఇంకోచోట పెళుసుబారుతుంది. మళ్లీ చుట్లు ఎక్కించేటప్పుడు అక్కడే తెగుతుంది. ఆ సమయానికి ఎక్కించే మనిషి దాని ముందే నిలబడి ఉంటాడు. కమాన్ పట్టీ అతుకు తెగితే లారీ ఒక పక్కకి ఒరుగుతుంది, అంతే. ఇది అలా కాదు.

ఎంత శక్తి దాగి ఉంటుందో చిన్న లెక్క. తలుపు 200 కిలోలు, ఎత్తు నాలుగున్నర మీటర్లు అనుకోండి. పైకి వెళ్లేటప్పుడు పలకలు ఒక్కొక్కటిగా పట్టాల మీదికి మళ్లిపోతాయి కాబట్టి సగటున రెండుంపావు మీటర్లు లేచినట్టు. 200 × 9.81 × 2.25, అంటే సుమారు 4,400 జౌళ్లు. 50 కిలోల సిమెంటు బస్తా మూడంతస్తుల పైనుంచి పడితే ఎంతో, రెండు స్ప్రింగుల్లో కలిపి అంత.

అసలు మోసం ఎక్కడుందంటే, కోను బెజ్జంలో రాడ్డు పెట్టి స్ప్రింగుని చుట్టేవాడికి అంత తెలియదు. ఇలాంటి డ్రమ్ము వ్యాసార్థం 67 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. 200 కిలోల తలుపుకి ఒక్కో స్ప్రింగు మీద 66 న్యూటన్ మీటర్లు. మూరెడు రాడ్డు చివర అది 15 కిలోల బరువంతే. "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది. రాడ్డు జారిన క్షణాన మాత్రం చుట్టిన చుట్లన్నీ ఒక్కసారే విప్పుకుంటాయి.

షట్టర్_బాబాయ్ (ఆటోనగర్)

ఇంజనీరు బాబు లెక్కలో చెప్పాడు, నేను చేతులు చూపించి చెప్తాను. మా లైనులో కుడిచేతి వేళ్లు పూర్తిగా ఉన్న పాత మెకానిక్‌లు తక్కువ. వాళ్లలో సగం మంది రాడ్డుకి బదులు స్క్రూడ్రైవర్ దూర్చినవాళ్లే. కోను బెజ్జానికి సరిగ్గా పట్టే గట్టి ఉక్కు రాడ్లు రెండుండాలి. ఒకటి లోపలుండగానే రెండోది పెట్టాలి, మొహం పక్కకి ఉండాలి. ఈ సైజు తలుపుకి ఒక్కో స్ప్రింగుకి పదకొండు, పన్నెండు చుట్లు పడతాయి. చుట్టుకి నాలుగుసార్లు రాడ్డు మార్చాలి. లెక్కేసుకోండి, ఎన్నిసార్లు జారే అవకాశమో.

అచ్యుతాపురం_సేఫ్టీ

పరవాడ సార్, నేను సేఫ్టీలో పనిచేస్తాను. ఫోర్క్‌లిఫ్టు ఆలోచన వెంటనే మానేయించండి. అది అన్ని గోడౌన్లలోనూ వచ్చే ఆలోచనే, అన్నిచోట్లా అదే ప్రమాదం. ఫోర్కులతో కింది నుంచి ఎత్తితే డోరు లేస్తుంది కానీ పక్కనున్న కేబుళ్లు వదులై డ్రమ్ము గాడిలోంచి జారిపోతాయి. ఆ తర్వాత ఆ తలుపుని పట్టి ఉంచేది ఆ ఫోర్కులు, మీ దుంగ మాత్రమే. లారీ వెనక్కి వస్తూ దుంగకి తగిలిందనుకోండి, ఇంక చెప్పక్కర్లేదు.

ఇప్పుడు చేయాల్సింది: మోటారు ఐసోలేటర్ (కరెంటు పూర్తిగా తెంచే మెయిన్ స్విచ్) ఆపి తాళం వేసి తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. "డోరు కదపరాదు" అని తెలుగులో, హిందీలో రెండింటిలోనూ రాసి కట్టండి, మీ లోడింగ్ వాళ్లలో ఒడిశా, బీహార్ కుర్రాళ్లు ఉండే ఉంటారు కదా. లోపల, బయట రెండు వైపులా అడ్డు కట్టండి. లోడింగ్ మిగతా రెండు డోర్ల నుంచి నడిపించుకోండి. ఆలస్యానికి ఓనరు గారు కోప్పడితే ఆ కోపం నామీదికి మళ్లించండి.

పూర్ణామార్కెట్_కిరాణా

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మాది మామూలు షాపు షట్టరు, చేత్తో లాగేది. ఈమధ్య పొద్దున్నే ఎత్తాలంటే పక్క షాపు కుర్రాడిని పిలవాల్సి వస్తోంది. దించేటప్పుడు సగంలోంచి దానంతటదే దడాల్న పడిపోతోంది. ఇదీ స్ప్రింగేనా? ఆ షాఫ్టూ, రెండు స్ప్రింగులూ మాకైతే బయటికి కనిపించవే?

షట్టర్_బాబాయ్ (ఆటోనగర్)

కనిపించవు అమ్మా, నీ షట్టరు వేరే జాతి. పైన డబ్బా కవర్ లోపల అడ్డంగా ఒక పైపు ఉంటుంది. పైపు తిరగదు. దాన్ని రెండు వైపులా గోడ బ్రాకెట్లకి యూ క్లాంపులతో బిగించేస్తారు. పైపు మీద చక్రాలు తిరుగుతాయి. పట్టీలు చుట్టుకునేది ఆ చక్రాల మీదే. స్ప్రింగు ఒక కొస పైపుకి, ఒక కొస చక్రానికి తగిలించి ఉంటుంది. నువ్వు షట్టరు దించేకొద్దీ అది బిగుస్తుంది, ఎత్తేటప్పుడు నీకు సాయం పడుతుంది.

బరువెక్కిందంటే మూడింట్లో ఒకటి. స్ప్రింగు ఒకటి విరిగింది. లేదా క్లాంపు వదులై పైపు కొంచెం వెనక్కి తిరిగింది, టెన్షన్ పోయింది. లేదా గైడు పట్టాలు తుప్పు పట్టి, సొట్టపడి పట్టీలు పట్టేస్తున్నాయి. నువ్వు చెప్పిన గుర్తు, దించేటప్పుడు పడిపోవడం, గైడు తప్పు కాదని చెప్తోంది. పట్టేస్తే పడదు కదా. ఎత్తేటప్పుడు లోపల గరగరమని చప్పుడొస్తే స్ప్రింగు విరిగిందనుకో. చప్పుడు లేకుండా మెల్లగా రోజురోజుకీ బరువెక్కితే క్లాంపు.

క్లాంపు వదులైనంతే అయితే ఇద్దరు మనుషులు, రెండు పైపు రెంచీలు, అరగంట పని. కానీ నువ్వు స్టూలెక్కి ఆ నట్టు ముట్టుకోకు. వదులు చేసిన క్షణాన పైపు రెంచీని తిప్పి విసిరేస్తుంది.

ఏయూ_మెకానికల్

కేంద్ర ప్రజా పనుల శాఖ రేట్ల షెడ్యూల్లో ఈ షాపు షట్టర్లకి 27.5 సెంటీమీటర్ల పొడవు స్ప్రింగులే రాస్తారు, తీగ ఐఎస్ 4454 (స్ప్రింగు తీగకి భారత ప్రమాణం) ప్రకారం ఉండాలి. 10 చదరపు మీటర్లు దాటితే చేత్తో లాగేది కాకుండా గొలుసు, గేరు పెట్టే ఐటం వేరే ఉంటుంది. మీ షట్టరు కొలత ఎంత మేడమ్?

పూర్ణామార్కెట్_కిరాణా

రెండు షాపులు కలిపేశాం సార్, మధ్య గోడ తీసేసి ఒకటే షట్టరు పెట్టించాం. పదహారడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తు.

ఏయూ_మెకానికల్

144 చదరపు అడుగులు. 13 చదరపు మీటర్లు పైమాటే. స్ప్రింగు విరిగినా, క్లాంపు వదులైనా, చేత్తో లాగే షట్టరుగా పెట్టించడమే మొదటి తప్పు.

పూర్ణామార్కెట్_కిరాణా

పెట్టినవాడు "ఎన్ని స్ప్రింగులైనా వేస్తాను, వేలితో లేస్తుంది" అన్నాడు! సరే, చైను గేరు సంగతి అడుగుతాను.

హార్బర్_రొయ్యలు

పరవాడ అన్నా, మాది ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యల ప్లాంటు. మా స్ప్రింగులు విరిగేది లెక్క ప్రకారం కాదు, ఉప్పుగాలి ప్రకారం. ఒక పని చెయ్యి: విరిగిన చోట తీగ కొసని టార్చి వేసి చూడు. మొత్తం కొత్త ఇనుములా మెరుస్తుంటే ఒక కథ, అది తుప్పు పని కాదు. ఒక అంచున గోధుమ రంగులో నెలవంకంత పాత మచ్చ ఉండి, మిగతాది మెరుస్తుంటే ఇంకో కథ. ఆ మచ్చ దగ్గర ఎప్పుడో పగులు మొదలై, అందులో తుప్పు చేరి, మెల్లగా లోపలికి తిని, మిగిలిన సగం నిన్న రాత్రి తెగిందన్నమాట.

మాకు చల్లగది పక్కన తలుపులకి చుట్ల మధ్య సందుల్లో నీరు పడుతుంది. పైకి పెయింటు బాగానే ఉంటుంది, లోపలి వైపు గుంటలు. గ్రీజు రాయకండి, దుమ్మునీ ఉప్పునీ పట్టి ఉంచుతుంది. పల్చటి ఇంజన్ ఆయిల్ గుడ్డతో నెలనెలా తుడిస్తే చాలు. జింకు పూత స్ప్రింగులు కూడా వాడాం. తుప్పుకి మంచివే, కాకపోతే బిగించిన కొత్తలో కొంచెం సాగి టెన్షన్ తగ్గుతుంది. మెకానిక్ మళ్లీ ఒకసారి వచ్చి సర్దాలి. ఆ రెండో రాక ముందే మాట్లాడుకోండి, లేకపోతే ఫోను ఎత్తడు.

పరవాడ_స్టోర్స్

అందరికీ దండాలు. మోటారుకి తాళం వేశాం, ఓనరు గారికి ఈ చర్చంతా చదివి వినిపించాను, వెల్డింగ్ మాట మానేశారు. సిమెంటు బస్తా లెక్క దగ్గర ఆయన మొహం మారిపోయింది.

ఫొటోలు పెట్టాను. టార్చి వేసి చూశాం. మచ్చ లేదు, దాదాపు అంతా మెరుస్తోంది. నిచ్చెన మీద నుంచి విరిగిన స్ప్రింగు మాత్రమే కొలిచాం: పది చుట్లు కలిపి 72 మిల్లీమీటర్లు, లోపలి వెడల్పు 95. తీగ 7.2 అన్నమాట. మొదట ఒక చుట్టు మీద టేపు పెడితే 7 అని కనిపించింది, ఆ తేడా పెద్ద లెక్కలోకి వస్తుందా?

ఏయూ_మెకానికల్

చాలా వస్తుంది. స్ప్రింగు బిగువు తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 7 కీ 7.2 కీ మధ్య బలంలో 12 శాతం తేడా. అందుకే పది చుట్లు కలిపి కొలవాలి. తుప్పు, పెయింటు పెచ్చులు గీకి, చుట్లు ఒకదానికొకటి ఆనుకున్న చోట. పొడవు కూడా విరిగినదానిదే కొలవాలి, రెండు ముక్కలూ కలిపి. టెన్షన్‌లో ఉన్నదాని చుట్లు పెరిగి పొడవు మారిపోతుంది.

మీ మధ్య డోరు రోజుకి ఎన్నిసార్లు లేస్తుంది? డోరు పెట్టి ఎంతకాలం?

పరవాడ_స్టోర్స్

గేటు రిజిస్టరు చూశాను, సగటున 25 సార్లు. ఎక్కువ లోడింగ్ మధ్య డోరు నుంచే. పెట్టి ఇంకా రెండేళ్లు కాలేదు. అందుకే ఓనరు గారు నాసిరకం అంటగట్టారని తిడుతున్నారు.

ఏయూ_మెకానికల్

మామూలు స్ప్రింగులు 10,000 సార్లకి లెక్కగట్టి ఇస్తారు. ఒకసారి ఎత్తి దించితే ఒకటి. రోజుకి 25, ఏడాదికి 300 పని రోజులు, 7,500. ఏడాదిన్నర నిండకుండానే దాని ఆయుష్షు అయిపోయింది. ఇంటి గ్యారేజీకైతే అదే స్ప్రింగు పదేళ్లు దాటి వచ్చేది. నాసిరకం అనలేం. కొనేటప్పుడు రోజుకి ఎన్నిసార్లని అమ్మినవాడు అడగలేదు, కొన్నవాళ్లూ చెప్పలేదు.

25,000, 50,000 సార్లకి కూడా చేస్తారు. తీగ ఇంకా లావు, పొడవు ఇంకా ఎక్కువ. షాఫ్టు మీద చోటుందో లేదో చూడాలి.

రెండింటి ఆయుష్షూ ఒకటే కాబట్టి రెండూ మార్చాలన్న మెకానిక్ మాటే సరైనది. ఒక్కటే మారిస్తే రెండోది రేపో మాపో విరుగుతుంది, మనిషి కూలి, డోరు ఆగడం మళ్లీ మొదటికి.

షట్టర్_బాబాయ్ (ఆటోనగర్)

ఆగండాగండి. ఇంజనీరు బాబు లెక్క నిజమే, కానీ ఫొటోలో కింది పలక ఎవరూ చూడలేదా? తమ్ముడూ, ఆ పలక మీద అడ్డంగా ఇనుప రేకు రివెట్లు కొట్టి ఉంది. అది కంపెనీ పని కాదు.

పరవాడ_స్టోర్స్

అవును బాబాయ్. పోయిన వానాకాలంలో ఫోర్క్‌లిఫ్టు గుద్ది పలక సొట్టపోతే, మా ఓనరు గారు మూడు మిల్లీమీటర్ల రేకు కొట్టించారు. డోరు వెడల్పంతా, నాలుగు మీటర్లు. ఎత్తు అరవై సెంటీమీటర్లు. దానికీ స్ప్రింగుకీ ఏం సంబంధం?

షట్టర్_బాబాయ్ (ఆటోనగర్)

ఇంజనీరు బాబూ, ఆ రేకు బరువు చెప్పు.

ఏయూ_మెకానికల్

4 × 0.6 × 0.003 మీటర్లు, ఘనపు మీటరుకి 7,850 కిలోలు. 56 కిలోలు పైన. బాబాయ్, దండం!

షట్టర్_బాబాయ్ (ఆటోనగర్)

చూశావా. తలుపు మీద ఒక మనిషి అదనంగా వేలాడుతున్నాడు. ఆ రోజు నుంచీ తూకం పోయింది, మోటారు మూలుగుతూ లాగుతోంది. ఇప్పుడు విరిగినదాని కొలతలు తీసుకెళ్లి అచ్చం అలాంటివే తెస్తే, పాత తలుపుకి సరిపోయేవి కొత్త బరువుకి తగిలిస్తారు. ఫోన్లో ఇద్దరు మెకానిక్‌లూ రేటు చెప్పారు కానీ తలుపు బరువెంతని ఒక్కడూ అడగలేదు చూడు.

తూచాలి. వచ్చిన మెకానిక్ రెండో స్ప్రింగు టెన్షన్ పూర్తిగా విప్పాక, రెండు వైపులా చైన్ పుల్లీలతో తలుపు పట్టించి, మీ గోడౌన్లో బస్తాలు తూచే ప్లాట్‌ఫారం కాటా మధ్యలో పెట్టి మెల్లగా దాని మీదికి దింపమను. మొత్తం బరువు కాటా మీద పడాలి, పక్క పట్టాల్లో ఎక్కడా పట్టకూడదు. ఆ అంకెతో, డ్రమ్ము మీద పోతపోసిన నంబరుతో, డోరు ఎత్తుతో స్ప్రింగు ఆర్డరివ్వాలి. కుడి చుట్టు ఒకటి, ఎడమ చుట్టు ఒకటి. తారుమారైతే పనికిరావు. కోనుల రంగు చూసి నమ్మకు, పాతవి పక్కన పెట్టి చూసుకో.

అచ్యుతాపురం_సేఫ్టీ

ఇంకొకటి అడగండి సార్. స్ప్రింగు విరిగితే షాఫ్టుని పట్టేసే పళ్ల చక్రం లాంటి పరికరం మీ డోరుకి ఉందా? స్ప్రింగు గోడ వైపు కొస దగ్గర ఉంటుంది. యూరప్ ప్రమాణాల్లో తలుపు పడిపోకుండా రక్షణ తప్పనిసరి. ఇక్కడ ధర తగ్గించడానికి తీసేసి అమ్ముతుంటారు. మీది మూసి ఉండగా విరిగింది. మనిషి కింద ఉండగా విరగదని ఎవరు చెప్పగలరు?

విశాఖ_చూపరి

సేఫ్టీ మేడమ్ మా ప్లాంటులో కూడా ఇలాగే అన్నిటికీ తాళాలు వేసేస్తారు 😀

అచ్యుతాపురం_సేఫ్టీ

వేస్తాను.

పరవాడ_స్టోర్స్

అప్‌డేట్. ఆటోనగర్ నుంచే ఒక టీం వచ్చింది. కాటా మీద 262 కిలోలు. రేకు పీకేసి తూస్తే 205. పళ్ల చక్రం లేదు, ఉండాల్సిన చోట ఉత్త బ్రాకెట్ ఉంది. కేబుళ్లలో ఒకదానికి కింది కొస దగ్గర నాలుగైదు పోగులు తెగి ఉన్నాయి, అది కూడా పైకి చూస్తే ఎవరికీ కనిపించలేదు, టీంలో కుర్రాడు చేతి గ్లవ్ దాని మీద లాగి చూపించాడు, దూది పట్టినట్టు పట్టేసింది.

ఓనరు గారు రేకు మళ్లీ పెట్టనన్నారు, కింది పలకే కొత్తది. 25,000 రకం స్ప్రింగుల జత, కేబుళ్ల జత, రెండు పళ్ల చక్రాలు. 50,000 రకానికి షాఫ్టు మీద చోటు చాల్లేదు. బిగించాక మోటారు విడదీసి చేత్తో ఎత్తి నడుము ఎత్తులో వదిలేశారు. అక్కడే నిలబడింది. ఒక వేలితో కిందికి, పైకి. మోటారు ఇప్పుడు చప్పుడే చేయట్లేదు.

మిగతా రెండు డోర్లూ ఒకే రోజు పెట్టినవి. వాటికి రేకుల్లేవు. వాటినీ ఇప్పుడే మార్పించాలా అని ఓనరు గారు అడగమన్నారు.

షట్టర్_బాబాయ్ (ఆటోనగర్)

గేటు రిజిస్టర్లో ఆ రెండింటి లెక్క కూడా తీయించు. ఏడు, ఎనిమిది వేలు దాటిన దానికి జత ఇప్పుడే ఆర్డరిచ్చి స్టోర్లో పెట్టుకో, ఏదో ఒక ఆదివారం లోడింగ్ లేనప్పుడు మార్పించు. దాటనిదానికి చేత్తో ఎత్తి చూసే పరీక్ష నెలకోసారి చాలు. ఆ కేబుల్ కొసలు మాత్రం రేపే చూడు, మూడు డోర్లకీ.

పూర్ణామార్కెట్_కిరాణా

బాబాయ్ గారూ, మీ ఆటోనగర్ వాళ్లే మావైపు వస్తారా? పొద్దున్న పదిలోపు అయితే బేరం పాడవదు.

షట్టర్_బాబాయ్ (ఆటోనగర్)

వస్తారమ్మా. నీ షట్టరు కొలతా, పైన డబ్బా కవర్ ఫొటో పంపు, చైను గేరు వేయడానికి పక్కన చోటుందో లేదో ముందే చెప్తాను.